కుక్కతో వెళ్లగలిగే చోట్లు చూపించే యాప్: హైదరాబాద్‌తో మొదలుపెడుతున్నాం, ఏమేం ఉండాలో చెప్పండి

సింబా_నాన్న

అందరికీ నమస్తే. నేను, మా ఆఫీసులో పనిచేసే ఇద్దరు మిత్రులు కలిసి ఒక యాప్ మొదలుపెట్టాం. పని ఒక్కటే, కుక్కను వెంటబెట్టుకుని ఎక్కడికి వెళ్లొచ్చో చెప్పడం. కేఫ్, పార్కు, హోటల్, రిసార్టు, చెరువు కట్ట, ఏదైనా సరే. మా సింబా లాబ్రడార్, 32 కిలోలు ఉంటాడు. ఆదివారం వాణ్ణి ఇంట్లో వదిలేసి బయటికి వెళ్లబుద్ధి కాదు, తీసుకెళ్దామంటే ఎక్కడ రానిస్తారో తెలియదు. వాట్సాప్ గ్రూపుల్లో అడిగితే "రెండేళ్ల కింద మేం వెళ్లాం, అప్పుడు రానిచ్చారు" అంటారు. గూగుల్ మ్యాప్స్‌లో కొన్ని చోట్లకు కుక్కల్ని అనుమతిస్తారని ఉంటుంది గానీ ఆ మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కనబడదు.

స్క్రీన్లు గీయడం అయింది. ఇప్పుడు డేటాబేస్ దగ్గర ఉన్నాం. ఒక్కో చోటు గురించి ఏమేం నమోదు చేయాలన్నదే అసలు ప్రశ్న. "పెట్ ఫ్రెండ్లీ: అవును / కాదు" అని ఒక్క గడి పెట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. కుక్కలున్న వాళ్లు, లేనివాళ్లు, షాపులు నడిపేవాళ్లు, అందరూ చెప్పండి. మొదటి విడతలో కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ వరకే అనుకుంటున్నాం.

జూలీ_అమ్మ

చాలా అవసరమైన పని పెట్టుకున్నారు తమ్ముడూ. కొండాపూర్‌లోనే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) కట్టించిన డాగ్ పార్క్ ఇక్కడే ఉంది. 2018లో వచ్చింది, 1.3 ఎకరాలు, అంతకుముందు అది చెత్త వేసే స్థలం. అలాంటి చోట గురించి కూడా "అనుమతి ఉంది" అని రాస్తే ఏం లాభం, అది కుక్కల కోసమే కట్టింది కదా! అక్కడికి వెళ్లేవాళ్లకు కావలసింది వేరే: ఈ రోజు తెరిచి ఉందా, నీళ్లు వస్తున్నాయా, గడ్డి కోశారా, చిన్న కుక్కల వైపు గేటు సరిగా పడుతోందా.

ఇక కేఫ్‌ల సంగతి. ఒకచోటికి ఫోన్ చేసి అడిగాను, "రండి మేడమ్, తప్పకుండా తీసుకురండి" అన్నారు. జూలీని కారెక్కించుకుని అంత దూరం వెళితే గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపేశాడు. ఫోన్‌లో చెప్పినావిడ డ్యూటీ దిగి వెళ్లిపోయిందట, కొత్త మేనేజర్ వచ్చి "బయట టేబుల్ అయితే ఓకే, కానీ ఇవాళ బయట ఖాళీ లేదు" అన్నాడు. అంటే ఫోన్‌లో చెప్పింది అబద్ధం కాదు, గేటు దగ్గర చెప్పిందీ అబద్ధం కాదు. మధ్యలో మేమే ఎండలో నిలబడ్డాం.

కాబట్టి ప్రతి సమాచారం పక్కన ఎవరు చెప్పారో ఉండాలి. ఓనరా, మేనేజరా, ఫోన్ ఎత్తినవాళ్లా, స్వయంగా వెళ్లొచ్చినవాళ్లా? ఈ నాలుగూ ఒకటి కావు. వెళ్లొచ్చినవాళ్ల మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మ్యాప్_పిచ్చి

డేటా ఎక్కడినుంచి తెచ్చుకుంటారు అన్నది ముందే తేల్చుకోండి, తర్వాత మార్చడం చాలా కష్టం. గూగుల్ ప్లేసెస్ కొత్త ఏపీఐలో (గూగుల్ మ్యాప్స్ వివరాలు వేరే యాప్‌లకు అందించే సేవ) కుక్కల్ని అనుమతిస్తారా అన్న ఫీల్డ్ ఉంది, కానీ అది ఎక్కువ ధర పడే వర్గంలో వస్తుంది, పైగా ప్లేస్ ఐడీ (ఒక్కో చోటుకు గూగుల్ ఇచ్చే గుర్తింపు) తప్ప మిగతా వివరాలు తెచ్చి మీ డేటాబేస్‌లో శాశ్వతంగా దాచుకోవడానికి వాళ్ల షరతులు ఒప్పుకోవు. అంటే మీ యాప్‌కి ప్రాణమైన సమాచారం మీది కాకుండా పోతుంది.

నా ఓటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి, అది ఎవరైనా నింపగలిగే, వాడుకోగలిగే మ్యాప్. అక్కడ కుక్కలకు ప్రత్యేకంగా ట్యాగ్ (చోటు వివరం రాసే గడి) ఉంది. అవును, కాదు, లీష్ (కుక్కను పట్టుకునే తాడు) ఉంటేనే, బయట కూర్చునే చోట మాత్రమే అని విలువలు ఇవ్వొచ్చు. డాగ్ పార్కులకు విడిగా ట్యాగ్ ఉంది. చివరిసారి ఎప్పుడు సరిచూశారో రాయడానికి కూడా ఒక ట్యాగ్ ఉంది, దాన్ని మనవాళ్లు దాదాపు వాడరు. హైదరాబాద్‌లో ఈ ట్యాగులు చాలా తక్కువ, అంటే పని మీమీదే పడుతుంది, కానీ మీరు నింపింది అందరికీ మిగులుతుంది. దాని లైసెన్స్ ఓడీబీఎల్, అంటే వాడితే మూలం పేరు చూపించాలి, ఆ డేటాను మార్చి బయటికి ఇస్తే అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. మీ సభ్యుల అభిప్రాయాలు, ఫొటోలు వేరే టేబుల్‌లో పెట్టుకోండి, రెండూ కలిపేయొద్దు.

పశువైద్యురాలు_ఉప్పల్

వైద్యపరంగా కొన్ని చెప్తాను. ఇవి యాప్‌లో ఎక్కడో చివర చిట్కాల పేజీలో పడేయకుండా వెతుకులాటలోనే కలపండి.

మొదటిది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తారురోడ్డు మీద కుక్క పాదాలు కాలిపోతాయి. అరచేతి వెనుక భాగం రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను నడిపించకూడదు. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి ఆడటమే కష్టం, వాటికి వడదెబ్బ చాలా త్వరగా తగులుతుంది. కాబట్టి ఒక చోట నీడ ఉందా, నేల గడ్డిదా, టైల్స్‌దా, సిమెంటుదా, తాగే నీళ్లు ఉన్నాయా అన్నవి తప్పనిసరి గడులు. కుక్క జాతి ఒకసారి నమోదు చేసుకుంటే, మధ్యాహ్నం పూట నీడ లేని చోటును పగ్ ఉన్నవాళ్లకు పైన చూపించకుండా ఉండొచ్చు.

రెండోది పిడుదులు. ఎర్లీషియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర చాలా ఎక్కువగా చూస్తాం, ప్లేట్‌లెట్లు పడిపోయి తీసుకొస్తారు. గడ్డి ఎత్తుగా పెరిగిన చోట పిడుదులు కనబడ్డాయని ఎవరైనా చెప్తే అది నెల రోజులపాటు కనిపించేలా పెట్టండి. వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం ఉంటుంది, ఆ నీళ్లు తాగనివ్వకూడదు.

మూడోది కుక్కపిల్లలు. టీకాల కోర్సు పూర్తికాని కూనల్ని డాగ్ పార్కులకు తీసుకెళ్లి పార్వో అనే వైరస్ జబ్బు అంటించుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. నాలుగు నెలల లోపు అని నమోదు చేసినవాళ్లకు డాగ్ పార్కు చూపించేటప్పుడు, టీకాలన్నీ అయ్యాయా అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

ఊరకుక్క_నేస్తం

నాది ఇండీ, అంటే మన దేశీ కుక్క. ముదురు గోధుమ రంగు, నిలబడ్డ చెవులు, ఎవరు చూసినా వీధికుక్క అంటారు. లీష్ ఉంది, బెల్టుకు జీహెచ్‌ఎంసీ లైసెన్స్ ట్యాగ్ ఉంది, టీకా పుస్తకం బ్యాగ్‌లో ఉంటుంది. అయినా "పెట్స్ అలవ్డ్" అని బోర్డు పెట్టిన చోటే మమ్మల్ని ఆపి, వెనకాల గోల్డెన్ రిట్రీవర్‌తో వచ్చినవాళ్లను లోపలికి పంపారు. కాబట్టి "ఇండీ కుక్కతో వెళితే రానిచ్చారా" అన్నది విడిగా అడగండి. దయచేసి దీన్ని ఐచ్ఛికం చేయొద్దు. ఇలాంటి ఒక్క గడి పెడితే చాలామంది ఓనర్లు తమ సిబ్బందికి చెప్పుకుంటారు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. వీధికుక్కలు ఎక్కడ ఉంటాయో మ్యాప్‌లో పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఏ గుంపు ఎక్కడ పడుకుంటుందో ఎవరైనా చూడగలిగితే, విషం పెట్టేవాళ్లకు మనమే దారి చూపించినట్టు అవుతుంది. నేను అన్నం పెట్టే కుక్కలు ఉన్నాయి, అన్నిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, చెవి కొసన కత్తిరించిన గుర్తు ఉంటుంది. వాటి చోటు ఏ యాప్‌లోనూ ఉండకూడదు.

షిట్జూ_సైనిక్‌పురి

అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ రెండో వైపు కూడా వినాలి. మా స్నూపీ ఆరు కిలోలు. సాయంత్రం నడకలో నాలుగు కుక్కలు చుట్టుముట్టి మెడ పట్టుకున్నాయి. కుట్లు పడ్డాయి. ఆ సందులో అలా జరుగుతుందని ఆ వీధివాళ్లందరికీ తెలుసు, తెలియనిది మాకే. యాప్ ఉండి, "ఈ దారిలో చిన్న కుక్కతో నడవొద్దు" అని ఒక్క మాట ఉంటే మేం పక్క వీధిలో వెళ్లేవాళ్లం. నడక దారి గురించి చెప్పకుండా కేఫ్‌ల గురించి మాత్రమే చెప్పే యాప్ సగం మందికే పనికొస్తుంది. రోజూ కేఫ్‌కి ఎవరు వెళ్తారు? రోజూ రెండుపూటలా నడిపించాల్సిందే కదా.

ఊరకుక్క_నేస్తం

స్నూపీ ఎలా ఉన్నాడు ఇప్పుడు? మీరు చెప్పింది కాదనడం లేదు. ఆగస్టు 22, 2025న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చూడండి: ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టుకున్న చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, దూకుడుగా ఉన్నవి మాత్రం వదలకూడదు, అన్నం పెట్టడానికి వేరే స్థలాలు కేటాయించాలి. తర్వాత నవంబర్‌లో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దని ఇంకో ఉత్తర్వు వచ్చింది. వీధికుక్కల పరిస్థితి ఇంత సున్నితంగా ఉన్న సమయంలో మ్యాప్ మీద పిన్నులు పెడితే ఆ డేటా ఎవరి చేతికి పోతుందో మన చేతిలో ఉండదు. అందుకే భయపడుతున్నాను.

సింబా_నాన్న

ఇద్దరూ చెప్పింది రాసుకున్నాను. ఇలా చేస్తే ఎలా ఉంటుందో చూడండి. కుక్కలు ఉన్న చోటును ఎక్కడా నమోదు చేయం, పిన్ ఉండదు. నడక దారులను మాత్రం సభ్యులు సిఫార్సు చేస్తారు, "చిన్న కుక్కతో ఈ దారిలో ఉదయం ఇబ్బంది లేకుండా నడిచాం" అని. అంటే బాగున్న దారులే కనబడతాయి, బాగులేనివి మ్యాప్‌లో ఖాళీగా ఉంటాయి. ఏ సందులో ఏ గుంపు ఉందో ఎవరికీ తెలియదు, కానీ స్నూపీ వాళ్లకు నడవడానికి ఒక దారి దొరుకుతుంది.

షిట్జూ_సైనిక్‌పురి

స్నూపీ కోలుకున్నాడు, థ్యాంక్స్ అన్నా. సింబా_నాన్న గారు, ఇది నాకు సరిపోతుంది. ఒక్కటి కలపండి, దారి సిఫార్సుకు పూట తప్పనిసరి. మా కాలనీలో ఉదయం ఆరింటికి ప్రశాంతంగా ఉండే రోడ్డే రాత్రి పదింటికి పూర్తిగా వేరుగా ఉంటుంది.

ఊరకుక్క_నేస్తం

నాకూ అభ్యంతరం లేదు. ఖాళీగా ఉన్న వీధులకు ఎరుపు రంగు మాత్రం వేయకండి.

కేఫ్_ఓనర్

మాదాపూర్‌లో చిన్న కేఫ్ నడుపుతున్నాను. మా వైపు నుంచి నాలుగు మాటలు. కుక్కలతో వచ్చేవాళ్లంటే మాకు ఇష్టమే, ఎక్కువసేపు కూర్చుంటారు, మర్యాదగా ఉంటారు, మళ్లీ వస్తారు. అయినా బోర్డు మీద "పెట్ ఫ్రెండ్లీ" అని ఎందుకు రాయం అంటే, ఆ మాట రాస్తే ఎప్పుడైనా, ఎన్ని కుక్కలైనా, ఎక్కడైనా కూర్చోవచ్చని అనుకుంటారు. మాకు బయట ఐదు టేబుళ్లు ఉన్నాయి. ఒకేసారి మూడు కుక్కల కంటే ఎక్కువైతే అవి ఒకదాన్నొకటి చూసి అరుస్తాయి, లోపల లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోతారు. శనివారం సాయంత్రం పిల్లలతో కుటుంబాలు వస్తాయి, ఆ రెండు గంటలు మాకు కుదరదు. వంట చేసే వైపు జంతువులు రాకూడదు, ఆహార భద్రత తనిఖీకి వచ్చేవాళ్లు అది చూస్తారు, మా కౌంటర్ వంటగదికి ఆనుకుని ఉంటుంది కాబట్టి కుక్కతో లోపలికి వచ్చి ఆర్డర్ ఇవ్వడం కుదరదు, మేమే టేబుల్ దగ్గరికి వచ్చి తీసుకుంటాం.

ఇవన్నీ చెప్పుకోవడానికి మీ యాప్‌లో చోటు ఇస్తే నేను మొదటిరోజే చేరతాను. ఏ రోజులు, ఏ వేళలు, ఒకేసారి ఎన్ని, బయటా లోపలా, ఆర్డర్ ఎలా. ఇంకో కోరిక, "ఈ రోజు వద్దు" అని మేం ఒక్క నొక్కుతో పెట్టగలగాలి. బర్త్‌డే పార్టీ బుకింగ్ ఉన్న రోజు కుక్కతో వచ్చినవాళ్లను తిప్పి పంపడం మాకూ బాధే. తర్వాత వాళ్లు ఒక్క స్టార్ ఇచ్చి వెళ్తారు, అందుకే చాలామంది ఓనర్లు అసలు ఈ జోలికే రారు.

జూలీ_అమ్మ

ఇలా చెప్పే ఓనర్ దొరికితే నేను శనివారం సాయంత్రం వద్దులే అనుకుని మంగళవారం వస్తాను బాబూ, నాకేం ఇబ్బంది లేదు. ఏదో ఒక షరతు ఉందని ముందే తెలిస్తే చాలు.

సెక్యూరిటీ సంగతి మర్చిపోకండి. ఓనర్ ఒప్పుకున్న చోటుకు యాప్‌లో ఒక చిన్న కార్డు ఉండాలి, పెద్ద అక్షరాలతో తెలుగులో, హిందీలో కూడా: "మేనేజ్‌మెంట్ అనుమతి ఉంది, బయట టేబుళ్లు, లీష్ తప్పనిసరి" అని, కింద తేదీ. గేటు దగ్గర వాదన పెట్టుకోకుండా ఫోన్ చూపిస్తాం. ఆ మనిషి ఉద్యోగం పోతుందేమోనని భయపడే ఆపుతాడు, అతనికి చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఇద్దరు_పిల్లల_తల్లి

మాకు కుక్క లేదు. మా చిన్నవాడికి కుక్కలంటే విపరీతమైన భయం, దూరంగా చూసినా ఒళ్లంతా బిగుసుకుపోతుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయినప్పటి నుంచి మా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా టెన్షన్. మీ థ్రెడ్ చదువుతుంటే అనిపించింది, ఈ యాప్ నాకూ పనికొస్తుంది. ఏ కేఫ్‌లో ఏ వేళ కుక్కలు ఉండవో నాకు తెలిస్తే వాణ్ణి ఆ వేళలో తీసుకెళ్తాను. కేఫ్ నడిపే ఆయన శనివారం సాయంత్రం రెండు గంటలు అన్నారు కదా, అలాంటిదే.

పార్కుల గురించి ఒక మాట. లీష్ వదిలేసి "ఏం చేయదండీ, ఫ్రెండ్లీ" అంటారు. ఆ మాట వినడానికి ముందే మా వాడు ఏడుపు మొదలుపెడతాడు. లీష్ ఎక్కడ తప్పనిసరో, ఎక్కడ వదలొచ్చో స్పష్టంగా రాయండి, అది మీ సభ్యులు కూడా చదివేలా పైన పెట్టండి.

సింబా_నాన్న

మేడమ్, చాలా మంచి విషయం చెప్పారు. "కుక్కలు లేని వేళలు" అని ఒక ఫిల్టర్ పెడతాం. డేటా ఎలాగూ ఒకటే, తిప్పి చూపించడమే.

మ్యాప్_పిచ్చి

పార్కుల గురించి మాట వచ్చింది కాబట్టి. కేబీఆర్ పార్కు నేషనల్ పార్కు, 1998లో ప్రకటించారు, లోపలికి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. ఇది వన్యప్రాణుల కోసం పెట్టిన నియమం, ఇందులో ఎవరూ మినహాయింపు అడగకూడదు. అక్కడ నెమళ్లు తిరుగుతాయి. కానీ బయట చుట్టూ ఉన్న నడక దారి వేరు, లోపలి దారి వేరు, చాలామంది ఆన్‌లైన్ జాబితాల్లో రెండూ కలిపి "కేబీఆర్ పార్క్" అని ఒకే పిన్ ఉంటుంది. ఇలాంటి చోట్ల పిన్ కాకుండా గీత, హద్దు గీయాలి. చెరువు కట్టల దగ్గర కూడా అంతే, కట్ట మీది నడక దారి ఒకటి, పక్కన పిల్లల ఆటస్థలం ఒకటి.

హైదరాబాద్ మెట్రోలో పెంపుడు జంతువులను అనుమతించరు, అది కూడా చోటు వివరాల్లో ప్రభావం చూపుతుంది. కారు లేనివాళ్లు ఎలా వెళ్తారు? "నడిచి వెళ్లగలిగే దూరంలో" అన్న ఫిల్టర్ తప్పక ఉండాలి.

వైజాగ్_తీరం

రెండో విడతలో వైజాగ్ పెట్టండి సార్. ఆర్‌కే బీచ్ దగ్గర బీచ్ రోడ్డులో ఉదయం వాహనాలు ఆపేసే సమయంలో కుక్కల్ని నడిపించేవాళ్లు చాలామంది కనిపిస్తారు. కానీ నాకు అసలు కావలసింది ప్రయాణం సమాచారం. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి మా రాకీని రైల్లో తీసుకురావాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మన పేరుమీదే ఉండాలి, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లో (గార్డు, సామాన్లు ఉండే పెట్టె) డాగ్ బాక్స్. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్‌లో ఒప్పుకోరు. కుక్కకు బుకింగ్ స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసులో చేయించాలి, టీకా సర్టిఫికెట్ పట్టుకెళ్లాలి. ఇది తెలియక టికెట్ బుక్ చేసుకుని స్టేషన్‌కి వచ్చి ఏడ్చేవాళ్లను చూశాను. విమానంలో అయితే ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, ఆకాశ ఎయిర్ 2022 నవంబర్ నుంచి క్యాబిన్‌లో చిన్న కుక్కల్ని తీసుకెళ్తోంది, ఇండిగో తీసుకెళ్లదు.

హోటళ్ల దగ్గర మోసం ఇంకోరకం. వెబ్‌సైట్లో "పెట్స్ అలవ్డ్" అని ఉంటుంది, వెళ్లాక రూమ్‌లోకి కాదు, వెనకాల కెన్నెల్‌లో (కుక్కల గూడు) ఉంచాలి అంటారు. రాత్రంతా కొత్త చోట ఒంటరిగా కట్టేస్తే ఏ కుక్క నిద్రపోతుంది? "కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుంది" అని సూటిగా అడగండి. దాంతోపాటు అదనపు చార్జీ ఎంత, రోజుకా బసకా, వెయ్యి రూపాయల తేడాలు ఉంటున్నాయి.

మ్యూనిక్_నుంచి

నేను జర్మనీలో ఉంటాను, ఇక్కడ రైల్లో పెద్ద కుక్కకు టికెట్ కొని, లీష్, మూతికి మజిల్ వేసి ఎక్కించొచ్చు, బుట్టలో పట్టే చిన్న కుక్క ఉచితం. రెస్టారెంట్లలో టేబుల్ కింద పడుకుని ఉంటాయి. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లి వాళ్ల దగ్గర అయితే 2015 జనవరి నుంచి రెస్టారెంట్ బయట కూర్చునే చోట కుక్కల్ని అనుమతించొచ్చని రాష్ట్ర చట్టమే ఉంది, లోపలినుంచి కాకుండా బయటినుంచి వేరే దారి ఉండాలని షరతు. రెండుచోట్లా నాకు కనిపించింది ఒకటే, నియమం రాసి ఉంది, అందరికీ తెలుసు. మన దగ్గర రాసిన నియమం ఉన్నచోట కూడా ఎవరికీ తెలియదు. అపార్ట్‌మెంట్ల విషయమే తీసుకోండి, పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, లిఫ్టులు వాడకుండా ఆపకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ యాప్‌లో ఆ కాగితం పీడీఎఫ్‌గా పెట్టండి, కనీసం అసోసియేషన్ మీటింగులకు పనికొస్తుంది.

డిజైన్_చేతులు

నేను యాప్ డిజైనర్‌ని, మా బీగిల్ రోడ్డు మీద ప్రతి వాసన దగ్గరా ఆగి లాగుతూ ఉంటుంది, కాబట్టి నాకు ఎప్పుడూ ఒక్క చెయ్యే ఖాళీ. మీ స్క్రీన్లు బొటనవేలితో కింది భాగం నుంచే వాడగలిగేలా ఉండాలి. వెళ్లొచ్చాక అడిగేది ఒక్క ప్రశ్నే ఉండాలి, మూడు పెద్ద బటన్లు: లోపలికి రానిచ్చారు, బయట మాత్రమే, గేటు దగ్గర ఆపారు. రివ్యూ రాయమని బలవంతపెట్టొద్దు. స్టార్లు అసలు వద్దు. కాఫీ బాగాలేదని రెండు స్టార్లు ఇస్తారు, అది కుక్కకు సంబంధించింది కాదు. కావాలంటే గొంతుతో చెప్పనివ్వండి, తెలుగులో మాట్లాడితే అక్షరాల్లోకి మారాలి, మా అమ్మగారు రోజూ నడిపిస్తారు, ఆవిడ దగ్గర ఉన్నంత సమాచారం నా దగ్గర లేదు, కానీ ఆవిడ టైప్ చేయరు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎవరు, ఏ వేళ, ఏ దారిలో నడుస్తారో బయటికి కనిపించకూడదు. ఒంటరిగా కుక్కను నడిపించే ఆడవాళ్ల విషయంలో ఇది చాలా ప్రమాదం. రోజూ అదే వేళ, అదే దారి, అదే కుక్క, చూసేవాడికి ఇల్లు కనుక్కోవడం ఎంతసేపు? "ఈ వారం ఇద్దరు నిర్ధారించారు" అని చూపిస్తే చాలు, పేరు వద్దు, గంట వద్దు. నడక దారుల్లో ఇంటి దగ్గరి మొదటి, చివరి భాగం ఎప్పుడూ కత్తిరించేయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం సమ్మతి ఎలాగూ తీసుకోవాలి, కానీ నేను చెప్పేది చట్టం కోసం కాదు.

సింబా_నాన్న

ఇంతవరకు వచ్చినవి చూసి ఒక పద్ధతి రాశాను, తప్పులుంటే చెప్పండి.

ప్రతి చోటుకీ పేరు కంటే ముందు తేదీ కనిపిస్తుంది, చివరిసారి ఎవరో ఒకరు నిర్ధారించిన తేదీ. 90 రోజులు దాటితే అది బూడిద రంగులోకి మారి "ఫోన్ చేసి వెళ్లండి" అని ఉంటుంది, ఫోన్ బటన్ పక్కనే. ఓనర్ "వద్దు" అంటే ఆ క్షణమే అమల్లోకి వస్తుంది, ఎవరినీ అడగం. ఓనర్ "రండి" అంటే మాత్రం కనీసం ఒకరు కుక్కతో వెళ్లొచ్చి చెప్పేదాకా "ఓనర్ చెప్పారు, ఇంకా ఎవరూ వెళ్లలేదు" అని ఉంటుంది. రెండు మాటలు పొంతన కుదరకపోతే ఏదో ఒకటి దాచిపెట్టకుండా రెండూ తేదీలతో చూపిస్తాం. ఇండీ ప్రశ్న, నేల, నీడ, నీళ్లు తప్పనిసరి. డబ్బు తీసుకుని ఏ చోటునూ పైకి తేవడం ఉండదు, ఇది ఇక్కడ రాతపూర్వకంగా చెప్తున్నాను. ఖర్చులకు పశువుల ఆసుపత్రులు, గ్రూమింగ్ వాళ్ల బుకింగుల మీద చిన్న రుసుము గురించి ఆలోచిస్తున్నాం, వెతుకులాట ఫలితాలను మాత్రం ముట్టుకోం.

కేఫ్_ఓనర్

90 రోజులు మాకు ఎక్కువే. మా సిబ్బందే ఆరు నెలలకోసారి మారిపోతారు. నాకు నెలకోసారి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పంపండి, "వివరాలు అలాగే ఉన్నాయా" అని, అవును నొక్కితే తేదీ మారాలి. లాగిన్, పాస్‌వర్డ్ అంటే ఏ కేఫ్ వాళ్లూ చేయరు. ఇంకోటి, మీ ఫారంలో "మీది పెట్ ఫ్రెండ్లీయా" అని అడగొద్దు. "కుక్కతో వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెడతారు" అని అడగండి. ఎక్కడా కూర్చోబెట్టలేనివాళ్లు అక్కడే ఆగిపోతారు.

వైజాగ్_తీరం

హోటళ్లకు కూడా అదే పద్ధతిలో "కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుంది" అని.

ఊరకుక్క_నేస్తం

ఆ మెసేజ్‌లో ఇండీ ప్రశ్న కూడా ఉండాలి. ఓనర్ తన నోటితో అవును అని చెప్పాలి.

షిట్జూ_సైనిక్‌పురి

సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ వైపు ఫోన్లు నేను చేస్తాను, మా నడక గ్రూపులో ఇంకో నలుగురు ఉన్నారు. మీ మొదటి విడతలో మా వైపు లేకపోయినా పర్లేదు, షీట్ లింక్ ఇవ్వండి, నింపి పెట్టుకుంటాం.

సింబా_నాన్న

షీట్ రేపు పెడతాను. నెలకోసారి మెసేజ్ ఖాయం, 90ని 45కి తగ్గిస్తున్నాం. డాక్టర్ గారూ, అత్యవసరంలో వెళ్లడానికి 24 గంటల ఆసుపత్రులు కూడా మొదటి విడతలోనే పెట్టాలని ఉంది, జాబితా ఎలా తయారుచేయమంటారు?

పశువైద్యురాలు_ఉప్పల్

తప్పకుండా పెట్టండి. ఒక్క జాగ్రత్త, పగలు ఫోన్ చేస్తే చాలామంది 24 గంటలూ ఉంటామనే చెప్తారు. రాత్రి ఒంటిగంట తర్వాత చేసి, ఎత్తినవాళ్లను మూడు అడగండి: ఇప్పుడు డాక్టర్ అక్కడే ఉన్నారా లేక పిలిపించాలా, ఆక్సిజన్ ఉందా, రక్తం ఎక్కించగలరా. ఎత్తనివాళ్లను జాబితాలో పెట్టకండి. ఎత్తినవాళ్లకు కూడా మీ 45 రోజుల లెక్క వద్దు, ప్రతి 15 రోజులకు ఒకసారి మళ్లీ రాత్రే చేయండి. ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్ వైపు ఫోన్లు నేను, మా అసిస్టెంట్ చూసుకుంటాం, మిగతా ప్రాంతాలకు ఎవరో ఒకరు ముందుకు రండి.